సూదితో పాటు మాట కూడా

నిజామాబాదులోని మాలపల్లి, ఆటోనగర్ మొదలుకొని బోధన్‌లోని రాకాసిపేట, శక్కర్‌నగర్ దాకా టీకాల కోసం ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలకు తరచుగా ఎదురయ్యే జవాబు ఒకటుంది: "ఇప్పుడు వద్దు, పిల్లవాడి నాన్నను అడిగి చెబుతాం." ఆ నాన్న దుబాయిలోనో, సౌదీలోనో ఉంటాడు. ఆయన్ను అడిగేలోగా అదే ఫోనులో ఎవరో పంపిన భయం ఇంట్లోకి వచ్చేస్తుంది. 2017లో తట్టు, రూబెల్లా టీకాలు వేసినప్పుడు దక్షిణాది రాష్ట్రాల్లో ఇలాగే పుకార్లు వ్యాపించాయి.

టీకా వద్దన్న తల్లిని అజ్ఞానురాలని తీసిపారేయడం సులభమే. మేము దానికి ఒప్పుకోము. ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టే తల్లికి బిడ్డ ఒక రాత్రి జ్వరంతో ఏడిస్తే మరునాటి కూలి పోతుంది. జ్వరం రావచ్చునని ముందే చెప్పి ఉంటే ఆమె సిద్ధపడేది. "ఏమీ కాదమ్మా" అని పంపేశారు కనుకనే మోసపోయానని అనుకుంటుంది. రెండో మోతాదుకు తలుపు తీయదు.

కాబట్టి ఉన్నది ఉన్నట్లు చెప్పాలి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసే పెంటావాలెంట్ టీకాతో ఒకటి రెండు రోజులు జ్వరం, సూది వేసిన చోట వాపు రావచ్చు. బి.సి.జి. వేసిన చోట కొన్ని వారాలకు పొక్కు లేచి, పుండై, మచ్చ మిగులుతుంది. దానికి మందు రాయనక్కరలేదు. తట్టు టీకా తర్వాత వారం పది రోజులకు కొందరికి కొద్దిపాటి జ్వరం, దద్దుర్లు కనిపిస్తాయి. తీవ్రమైన అలర్జీ పది లక్షల మోతాదుల్లో దాదాపు ఒకసారి వస్తుంది. అరగంట సేపు కేంద్రంలోనే కూర్చోమనేది అందుకే. అదే తట్టు జబ్బు సోకితే వెయ్యి మందిలో ఒకరికి మెదడు వాపు వస్తుంది. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెడితే తల్లి తానే తేల్చుకోగలదు.

పొరపాటు జరిగినప్పుడు దాచకూడదు. 2019 మార్చిలో హైదరాబాదు నాంపల్లిలో టీకాలు వేయించుకున్న పసిపిల్లలకు జ్వరం బిళ్ళలకు బదులు ట్రామడాల్ అనే నొప్పి మాత్రలు ఇచ్చారు. పిల్లలు నీలోఫర్ ఆసుపత్రి పాలయ్యారు, ప్రాణనష్టమూ జరిగింది. ప్రాణం తీసింది మాత్రే గాని టీకా కాదు. కాని ఈ తేడాను వెంటనే, గట్టిగా చెప్పేవారు లేకపోతే జనం నోట టీకాయే దోషి అవుతుంది.

ఇక మన ఇళ్ళలో ప్రత్యేకంగా వినిపించే ప్రశ్న: అందులో హరామ్ వస్తువు ఉందా? దీన్ని విని నవ్వే డాక్టరు సగం పోరు ఓడినట్టే. కొన్ని టీకాల్లో జిలాటిన్ వాడే మాట నిజం, పోలియో చుక్కల్లో అది లేదు. పూర్తిగా రూపం మారిపోయిన జిలాటిన్ విషయమై 1995లో కువైత్‌లో ఇస్లామీ వైద్య శాస్త్రాల సంస్థ సదస్సులో ఉలమా, వైద్యులు కలిసి చర్చించి, అది అనుమతించదగినదేనని తేల్చారు. మన హాజీలంతా మెనింజైటిస్ టీకా వేయించుకునే బయలుదేరుతున్నారు కదా!

ఉత్తరప్రదేశ్‌లోని మురాదాబాద్ ప్రాంతంలో పోలియో చుక్కలు వేయిస్తే సంతానం కలగదన్న పుకారు ఏళ్ళ తరబడి పనిని ఆపింది. పోలీసు బెదిరింపులతో అది పోలేదు. ఇమాములు మస్జిదు మైకులో చెప్పారు, ఆ వీధి స్త్రీలే ఇల్లిల్లూ తిరిగారు. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో హౌరాలో నమోదయింది. 2014 మార్చిలో భారత్ పోలియో రహితమని ప్రకటించారు.

మన జిల్లాలో వైద్యశాఖ చేయవలసింది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఆశా కార్యకర్తను టార్గెట్ ఎంతయిందని నిలదీసే అధికారి, ఎన్ని ప్రశ్నలు వచ్చాయని కూడా అడగాలి. జవాబులు ఉర్దూలోనూ తెలుగులోనూ ఒక కాగితం మీద ఆమె చేతికివ్వాలి. రాత్రి జ్వరం వస్తే ఎత్తే ఫోను నంబరు ఆ కాగితం మీద ఉండాలి. మస్జిదు కమిటీలు జుమా నమాజు తర్వాత డాక్టరుకు పది నిమిషాలు ఇవ్వాలి. అయితే అక్కడ వినేది మగవారే. స్త్రీలు చుట్టిన బీడీలు అప్పగించడానికి కార్ఖానాకు వచ్చే వేళకు నర్సమ్మ కూడా అక్కడ ఉండాలి, వారి ప్రశ్నలు అయిపోయేదాకా కదలకూడదు.