వీరేశలింగము పంతులుగారి గ్రంథముల డిజిటల్ భాండాగారము

రాజమహేంద్రవరమున 1848వ సంవత్సరమున జన్మించి 1919వ సంవత్సరమున చెన్నపురియందు కీర్తిశేషులైన కందుకూరి వీరేశలింగము పంతులుగారి గ్రంథములను కంప్యూటరునందు భద్రపరుపవలెనని యిటీవల పలువురు తలంచుచున్నారు. కొంత పని జరిగియు నున్నది. తెలుగు వికీసోర్సునందు వారి స్వీయచరిత్రమును, ఆంధ్రకవుల చరిత్రమును ఎవ్వరైనను రుసుము లేకయే చదువుకొనవచ్చును. గ్రంథకర్త గతించిన 60 సంవత్సరములకు హక్కు తీరునని మన దేశపు చట్టము గావున, ఈ పనికి అడ్డు చెప్పువారును లేరు.

అయినను పుటలకు ఛాయాచిత్రములు తీసి పేర్చినమాత్రమున పని ముగిసినదనుకొనుట పొరపాటని మా యభిప్రాయము. వితంతువివాహమును గూర్చి పంతులుగారు ఎచ్చటెచ్చట వ్రాసిరో తెలిసికొనగోరు విద్యార్థి అట్టి చిత్రములను వేలకొలది త్రిప్పవలసినదే. అక్షరములుగా నెక్కించిననే మాటను వెదకుటకు వీలగును. అక్షరములను గుర్తించు సాధనములు లేకపోలేదు. కాని నలిగిన కాగితముపై, అరిగిన అచ్చుపై అవి తడబడును. ప్రతి పుటను మనుష్యుడు చిత్రముతో సరిచూడక తప్పదు.

వివాద మిచ్చటనే పుట్టుచున్నది. నేటి బాలురకు అరసున్నయు బండిఱయు తెలియవు గనుక వానిని తొలగించి యెక్కింపుడని కొందరందురు. మేము దీనికి సమ్మతింపము. (మేమును ఈ వ్యాసమున వానిని విడిచియే వ్రాయుచున్నాము, అది మా వ్రాతకు చెల్లును, పంతులుగారి వ్రాతకు చెల్లదు.) అరుగుట యనగా పోవుట, అఱుగుట యనగా జీర్ణమగుట. ఏడు సంఖ్య, ఏఁడు సంవత్సరము. యూనికోడునందు ఈ రెంటికిని స్థానము కలదు. చదువరుల సౌకర్యమునకై నేటి లిపితో నొక ప్రతిని వేరుగా ప్రక్కన నుంపుడు. వెదకునపుడు రెండు రూపములును దొరకునట్లు అమర్పుడు. మూలమును మాత్రము ముట్టకుడు. ఒకమారు చెరిపిన గుర్తులను తిరిగి నిలుపవలెనన్న మరల మొదటి పుటనుండి పని పట్టవలసి వచ్చును.

ఏ కూర్పు ఏ సంవత్సరముదో చెప్పుటయు నంతే ముఖ్యము. రాజశేఖర చరిత్రము 1878లో వివేకవర్ధనియందు భాగములుగా వెలువడి 1880లో పుస్తకమైనది. కవుల చరిత్రమును వారే పిమ్మట మార్చి పెంచిరి. ఈ భేదములను కలగాపులగము చేసిన భాండాగారముకంటె అచ్చు పుస్తకమే మేలు.

పుస్తకములు పలుమారులు ముద్రితములైనవి గనుక వానికై తొందర లేదు. 1874లో వారు స్థాపించిన వివేకవర్ధని సంచికల సంగతి వేరు. పత్రికల కాగితము పెళుసు. చదివి పారవేయుట లోకాచారము. మన విద్యార్థుల యిండ్లలో, తాతగారి భోషాణములో, అటకమీద అట్టి పాత సంచిక యొక్కటి యున్నను పాతకాగితముల వర్తకునకు తూచి యీయక, ఛాయాచిత్రము తీయించుటకై పాఠశాలకు తెండు. సంచికను భద్రముగా మరల మీకే యిత్తుము. ఇక పై తరగతుల విద్యార్థులు పదిమంది నెలకు రెండేసి పుటలు సరిచూచినచో, పది నెలలలో 200 పుటల పుస్తకము సిద్ధమగును. మొదటి పదిమంది పేర్లను వ్రాసికొనుటకు మేము వేచియున్నాము.