సగం కోర్సు క్రిమికే మేలు

చంద్రశేఖరపురంలోనో, పామూరులోనో మందుల షాపు ముందు కాసేపు నిలబడితే చాలు. ‘అన్నా, కడుపులో మంటగా ఉంది, గ్యాస్ మాత్రలు నాలుగియ్యి’ అనే మాట చెవిన పడుతుంది. కారం ఎక్కువైందని ఒకరు, వేళకు తినలేదని ఒకరు కారణం కూడా వాళ్లే చెప్పేస్తారు. మాత్ర పడితే మంట తగ్గుతుంది. నెల తిరక్కుండా మళ్లీ మొదలవుతుంది.

ఇలాంటి మంట పుట్టించే కడుపులో పుండుకు కారం, దిగులే మూలమని ఒకప్పుడు డాక్టర్లూ నమ్మారు. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అసలు దొంగను పట్టుకున్నారు. అదే హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే క్రిమి. ఎవరూ నమ్మకపోయేసరికి 1984లో మార్షల్ ఆ క్రిములను తానే తాగి జబ్బు తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ దక్కింది.

ఈ క్రిమి కడుపు లోపలి జిగురు పొరలో నక్కి ఉంటుంది. ఒక్క మందుకు లొంగదు. అందుకే ఆమ్లాన్ని తగ్గించే మాత్రకు తోడు క్లారిత్రోమైసిన్, అమాక్సిసిలిన్ కలిపి ఇస్తూ వచ్చారు. ఒక రోజు మాత్రలన్నీ ఒకే అట్టలో పేర్చిన కిట్లు షాపుల్లో దొరుకుతాయి. చిక్కు ఎక్కడంటే, మూడో రోజుకు మంట పోతుంది, నోరు చేదెక్కుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి. ‘తగ్గిందిగా’ అని మిగతా అట్టలు గూట్లోకి చేరతాయి. చావకుండా మిగిలిన క్రిములు మందుకు రాటుదేలతాయి.

2003లో వెలువడిన ఒక అధ్యయనంలో హైదరాబాద్, చెన్నై, లక్నో, చండీగఢ్ తదితర నగరాల రోగుల క్రిములను పరీక్షిస్తే, నూటికి 77కు పైగా ఈ క్రిమికి వాడే మెట్రోనిడజోల్‌కు లొంగలేదు. విరేచనం పట్టిన ప్రతిసారీ ఆ మాత్రే మింగే అలవాటు మనది. ఇప్పుడు బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్, ఆమ్లం తగ్గించే మాత్ర కలిపి నాలుగు మందులను 14 రోజులు వాడమని అమెరికా వైద్యుల 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. తగిన మోతాదులో, పూర్తిగా వాడితే మెట్రోనిడజోల్ మొండికేసిన చోట కూడా ఈ కలయిక చాలావరకు పనిచేస్తుంది. బిస్మత్ వాడినన్నాళ్లూ మలం నల్లగా వస్తుంది, కంగారు పడి ఆపేయకండి. అది వాడకుండానే తారులా నల్లటి మలం వస్తే మాత్రం లోపల రక్తం కారుతున్నట్టు అనుమానించి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

ప్రతి మంటా క్రిమి పనే కాదు. కనిగిరి ప్రాంతంలో ఫ్లోరైడ్ నీళ్లతో కీళ్లు పట్టేసినవాళ్లు ఎందరో. వాళ్లలా నొప్పి మాత్రలు అదేపనిగా మింగినా పుండ్లు పడతాయి. కాబట్టి ముందు పరీక్ష, ఆ తర్వాతే మందు. అన్నిసార్లూ ఎండోస్కోపీ అక్కర్లేదు, మల పరీక్షతోనో శ్వాస పరీక్షతోనో తెలుస్తుంది. ఒంగోలు దాకా వెళ్లే పని లేకుండా ఆ మల పరీక్ష కనిగిరిలోనే ప్రభుత్వ ఖర్చుతో అందాలి. కోర్సు ముగిశాక కనీసం నాలుగు వారాలు ఆగి, గ్యాస్ మాత్ర రెండు వారాలు మానేసి, మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. మంట తగ్గడం వేరు, క్రిమి పోవడం వేరు.

డాక్టరు కోర్సు రాస్తే 14 రోజుల మందులూ ఒకేసారి తెచ్చుకోండి. చేతిలో డబ్బు చాలకపోతే ఆ మాట డాక్టరుకే చెప్పి, సమకూరాకే మొదలుపెట్టండి. మూడు రోజులకని కొని మధ్యలో వదిలేయడం కన్నా అదే నయం.