పిల్లులను తరలిస్తే జబ్బు నయమవుతుందా?

ఒక ఇంట్లో ఇరవై పిల్లులున్నంత మాత్రాన దానిని రోగమని తీర్మానించకండి. సంఖ్య ఒక్కటే ప్రమాణం కాదు. తిండి, శుభ్రత, వైద్యం అందక అవి కృశిస్తున్నా, మూత్రం నుంచి వెలువడే అమోనియా ఘాటుకు కళ్ళు మండుతున్నా, "నా బిడ్డలకేం, బాగానే ఉన్నారు" అని యజమాని మనస్ఫూర్తిగా నమ్ముతారు. అసలు లక్షణం అదే. దీనినే 'యానిమల్ హోర్డింగ్' అంటారు. 2013లో అమెరికా మనోవైద్యుల సంఘం వెలువరించిన డీఎస్ఎం-5, వస్తువులను పోగుచేసే రుగ్మతతో పాటు దీనినీ ప్రస్తావించింది.

ఇరుగుపొరుగు ఫిర్యాదు చేస్తారు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టాన్ని ఆశ్రయించి జంతువులను తరలిస్తారు. అంతటితో పని ముగిసిందనుకోవడం, నా దృష్టిలో, జ్వరానికి కారణం వెతకకుండా మాత్ర వేయడమే. ఆప్తుల మరణం వల్లనో ఒంటరితనం వల్లనో ఏర్పడిన వెలితి అలాగే ఉంటుంది; చాలామంది ఇళ్ళలో జంతువులు మళ్ళీ చేరతాయి. మనిషికి మానసిక చికిత్స, జంతువులకు సంతాన నిరోధక శస్త్రచికిత్స, ఆపైన ఏళ్ళ తరబడి పర్యవేక్షణ కలిసి సాగవలసిందే.

మీ వీధిలో అటువంటి ఇల్లుంటే నిందించకుండా పలకరించండి. ఒక్క పిల్లినీ వదులుకోనన్నవారు సైతం, జబ్బుపడినదానిని పశువైద్యునికి చూపించడానికి సమ్మతించవచ్చు. అక్కడి నుంచే మొదలుపెట్టండి. మానసిక వైద్య సలహాకు ప్రభుత్వ 'టెలీ మానస్' నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు.