హ్యాండ్ బ్రేకు దించాం గానీ చక్రం వదల్లేదు



ఈ వారం ఒక బండి చప్పుడు గురించి రాస్తున్నాం. పాస్టర్లకు బండ్ల సంగతి ఎందుకని కొందరు అనుకోవచ్చు. పల్లెల్లో సేవ చేసేవాళ్లకు మాత్రం బండి ఆగితే ఏమవుతుందో తెలుసు.

మా సంఘానికి ఒక పాత పికప్ ఉంది. సెకండ్ హ్యాండులో కొన్నదే. పత్తి, మిర్చి సీజనులో విశ్వాసుల పంటను వరంగల్ ఎనుమాముల మార్కెటుకు చేరుస్తుంది. కూటాలప్పుడు కుర్చీలు, మైకు సెట్టు, వంట గిన్నెలు మోస్తుంది. దాచకుండా చెప్పాలంటే, ఆదివారం పొద్దున పక్క తండా నుంచి నడవలేని ముసలివాళ్లను వెనక ఎక్కించుకొని మందిరానికి తెచ్చింది కూడా అదే.

మొన్నటి వానాకాలంలో దానికి గరగరమనే చప్పుడు మొదలైంది. డ్రైవరు సీట్లో సన్నగా వినబడేది. మేము ఏం చేశాం? పాటల సౌండు కొంచెం పెంచాం. చప్పుడు వినబడలేదు కాబట్టి లేదనుకున్నాం.

వెనక కూర్చునే ఒక అవ్వ ఒక ఆదివారం దిగుతూ, "అయ్యగారూ, నా కింద ఇసుర్రాయి తిప్పుతున్నట్టు అయితాంది" అంది. "పాత బండి గదా అవ్వా, దానికీ మోకాళ్ల నొప్పులే" అన్నాం. అందరూ నవ్వారు, అవ్వ కూడా నవ్వింది. ఆ నవ్వుతో మూడు వారాలు గడిచాయి.

చప్పుడు పెరిగాక మెకానిక్కుల దగ్గరికి తిరిగాం. మొదటి చోట గేరు ఆయిలు, హౌసింగ్ ఆయిలు మార్చారు. చప్పుడు పోలేదు. రెండో చోట ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు కొత్తవి వేశారు. అయినా పోలేదు. మూడో చోట క్రౌను పినియన్ పోయింది, హౌసింగ్ దింపాలన్నారు. ఆ ఖర్చు వినగానే గుండె జారింది. అది కానుకల పెట్టెలో పది రూపాయల నోట్లుగా పడిన డబ్బు.

మేము వాళ్లను తప్పు పట్టడం లేదు. ప్రతి చోటా మేము అడిగిన మొదటి మాట "ఎంతయితది?" అనే. చప్పుడు ఎప్పుడు వస్తోంది, ఎక్కడ వస్తోంది అన్నది మేమే చెప్పలేదు. రోగం చెప్పకుండా మందు ధర అడిగితే డాక్టరు మాత్రం ఏం చేస్తాడు?

చివరికి వరంగల్‌లో ఒక ముసలి మేస్త్రీ దగ్గరికి పోయాం. ఆయన పానా ముట్టలేదు. ముందు ప్రశ్నలు అడిగాడు. బండి నిలబెట్టి రేసు ఇస్తే వస్తుందా? క్లచ్ తొక్కితే మారుతుందా? మలుపులో పెరుగుతుందా? బ్రేకు తొక్కితే వస్తుందా, వదిలినా వస్తుందా? ఒక్కదానికీ మా దగ్గర సరైన జవాబు లేదు. ఆఖరికి "వెనక ఎవరన్న కూసుంటరా? వాళ్లేమంటున్నరు?" అన్నాడు. అప్పుడు అవ్వ గుర్తొచ్చింది. ఆమె ఎప్పుడూ ఎడమ వెనక చక్రం మీదే కూర్చునేది.

ఆయన నాలుగు కిలోమీటర్లు బ్రేకు ఎక్కువ వాడకుండా నడిపించాడు. దిగి, ముట్టుకోకుండా ఒక్కో చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూడమన్నాడు. ఎడమ వెనక చక్రం పొయ్యిలా సెగ కొట్టింది. మిగతా చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి వెనక జాకీ ఎత్తాడు. కుడి చక్రం చేత్తో తిప్పితే తేలిగ్గా తిరిగింది, ఎడమది కదలనంది. డ్రమ్ము ఊడదీస్తే బ్రేకు షూ లైనింగు అరిగి, ఇనుము ఇనుమును నూరుతోంది.

కారణం హ్యాండ్ బ్రేకు కేబుల్. వారమంతా వానలో మందిరం ఆవరణలో హ్యాండ్ బ్రేకు లాగి బండి నిలిపేవాళ్లం. తొడుగులోకి నీళ్లు చేరి కేబుల్ తుప్పు పట్టింది. లోపల మేము లీవరు కిందికి దించేవాళ్లం, డ్యాష్‌బోర్డు మీద లైటు ఆరేది. కానీ అక్కడ చక్రం దగ్గర పట్టు వదల్లేదు. అలాగే నెలరోజులు ఈడ్చాం. కొత్త కేబుల్, రెండు వైపులా షూలు వేసి, డ్రమ్ములు లేతు పట్టించి ఇచ్చాడు. వృథా చేసిన దానికంటే తక్కువే అయింది.

ఆయన చెప్పినవి మీకూ పనికొస్తాయని రాస్తున్నాం. బండి నిలిచి ఉండగా రేసుతో పెరిగే చప్పుడు ఇంజను వైపుది. చక్రాల వేగంతో పెరిగి, ఖాళీ సమతల రోడ్డు మీద న్యూట్రల్ చేసినా ఆగనిది చాలావరకు చక్రాల వైపుది. (ఆ పరీక్షలో ఇంజను మాత్రం ఆపకండి, ఆపితే బ్రేకు గట్టిపడుతుంది.) క్లచ్ తొక్కినప్పుడు మొదలైతే క్లచ్ బేరింగును అనుమానించాలి. మలుపులో పెరిగి తగ్గితే చక్రం బేరింగును చూడాలి. యాక్సిలరేటరు ఇచ్చినప్పుడు ఒక రకం, వదిలినప్పుడు ఒక రకం అయితే హౌసింగ్‌ను. ఒక్కోసారి కంకర రోడ్ల మీద బ్రేకు డిస్కుకూ దాని వెనక రేకుకూ మధ్య చిన్న రాయి ఇరుక్కున్నా భయపెట్టే చప్పుడు వస్తుంది. ఏదైనా ఒకేసారి ఒక్కటే మార్చండి, లేకపోతే ఏది నయం చేసిందో తెలియదు. వానల్లో చాలారోజులు నిలిపేటప్పుడు చదును నేల మీద గేరులో వేసి, చక్రాలకు రాళ్లు పెడితే చాలు.

ఇది డబ్బు లెక్క మాత్రమే కాదు. పట్టుకున్న బ్రేకు అలా కాలుతూ ఉంటే బేరింగు గ్రీజు కరిగిపోతుంది, బ్రేకు ఆయిలు మరిగి పెడలు మెత్తబడుతుంది. ఏ దిగుడులోనో అలా జరిగి ఉంటే వెనక ఉన్నది మా తండా ముసలివాళ్లు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

మొదటి సమూయేలు గ్రంథం మూడో అధ్యాయం గుర్తొచ్చింది. పిలుపు విన్నది మందిరంలో పడుకున్న పిల్లవాడు. యాజకుడైన ఏలీకి అది వినబడలేదు. పిల్లవాడు మూడోసారి వచ్చి చెప్పేదాకా ఆయనకు అర్థం కాలేదు. అయినా ఏలీని ఒక్క విషయంలో మెచ్చుకోవాలి. పిల్లవాడి మాటను ఆయన నవ్వులో పారేయలేదు. మేము పారేశాం.

మా అభిప్రాయం ఇదే. బండిలో గానీ ఇంట్లో గానీ సంఘంలో గానీ, చప్పుడు ముందు వినబడేది స్టీరింగు పట్టుకున్నవాడికి కాదు, చక్రం మీద కూర్చున్నవాడికి. కోడలు చెప్పినా, కూలి మనిషి చెప్పినా, అవ్వ చెప్పినా, నవ్వే ముందు ఒకసారి దిగి చక్రం చూడాలి. క్షమించామని నోటితో అని, లోపల పట్టు వదలని వాళ్లం కూడా లీవరు దించి లైటు ఆరిందని సంతోషపడేవాళ్లమే. చెయ్యి దగ్గర పెడితే వేడి తెలుస్తుంది.

ఇంకొక మాట. సామాన్ల బండిలో మనుషులను ఎక్కించడం చట్టం ఒప్పుకోదు, అది మాకు ముందే తెలుసు. అవసరం అనే పేరుతో ఆ చప్పుడు మీద కూడా పాటల సౌండు పెంచాం. ఇప్పుడు ఆదివారానికి రెండు ఆటోలు మాట్లాడాం. డబ్బు కష్టంగానే ఉంది. మిర్చి కోతలకు కూలీలను ట్రాలీల్లో తోలే మన రైతు సోదరులు కూడా దీన్ని ఆలోచించాలని బతిమాలుకుంటున్నాం.

పోయిన ఆదివారం అవ్వ దగ్గరికి వెళ్లి క్షమించమని అడిగాం. "ఆటోల గూడ ఏదో సప్పుడైతాంది అయ్యగారూ" అంది. ఈసారి నవ్వలేదు. ఆటో ఆపించి చూశాం.