అలవాటు వెనక చట్టం

ఫ్రెంచివాళ్ళు తీరిగ్గా బతుకుతారనీ, అమెరికావాళ్ళు ఎప్పుడూ పరుగులు పెడతారనీ మనలో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. పారిస్ హోటల్లో సర్వరు ముభావంగా వడ్డించి వెళ్ళిపోతాడట. అమెరికాలో వడ్డించే అమ్మాయి నోరారా పలకరించి నవ్వుతుందట. అక్కడ మధ్యాహ్న భోజనం గంటసేపు, ఇక్కడ ఆఫీసు బల్ల మీదే శాండ్‌విచ్. వెళ్ళొచ్చినవాళ్ళు ఇవన్నీ సరదాగా చెప్పి, చివరికి "వాళ్ళ సంస్కృతి అంతే" అని ముగిస్తారు. ఆ చివరి మాటతోనే నాకు పేచీ.

ఆ నవ్వు సంగతే చూద్దాం. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం టిప్పులు వచ్చే ఉద్యోగికి యజమాని గంటకి 2.13 డాలర్లు ఇస్తే చాలు. 1991 నుంచి ఈ అంకె మారలేదు. టిప్పులతో కలిపి కనీస వేతనం 7.25 డాలర్లు రాకపోతే ఆ తేడా యజమానే పూడ్చాలని చట్టంలో ఉంది. కొన్ని రాష్ట్రాలు ఇంతకంటే మెరుగైన వేతనం నిర్ణయించుకున్నాయి. మిగిలినచోట్ల ఆమె సంపాదన చాలావరకు తినడానికొచ్చినవాడి చేతిలో ఉంటుంది. వడ్డించేవాళ్ళలో ఎక్కువమంది స్త్రీలే. వెకిలి మాట అన్నవాడిని నిలదీస్తే ఆ పూట కూలి పోతుంది. ఫ్రాన్స్‌లో సర్వీసు ఖర్చు బిల్లులోనే కలిసి ఉంటుంది, కనీస వేతనం యజమానే ఇవ్వాలి. అక్కడ పైన ఇచ్చే చిల్లర అదనమే తప్ప బతుకుతెరువు కాదు. నవ్వకపోయినా ఇల్లు గడుస్తుంది. ఇందులో సంస్కృతి ఎంత, జీతం లెక్క ఎంత?

ఇక పురుడు. ఫ్రాన్స్‌లో ఉద్యోగం చేసే స్త్రీకి మొదటి రెండు కాన్పులకి 16 వారాల సెలవు, మూడో బిడ్డకి 26 వారాలు. ఆ రోజులకి సామాజిక భద్రతా నిధి నుంచి భృతి వస్తుంది. 2021 జులై నుంచి తండ్రికి కూడా 28 రోజులు ఇస్తున్నారు. మూడేళ్ళు నిండిన పిల్లలకి ప్రభుత్వ బడిలో ఫీజు లేకుండా చోటుంది. అమెరికాలో 1993లో వచ్చిన కుటుంబ, వైద్య సెలవు చట్టం 12 వారాలు ఇస్తుంది. జీతం లేకుండా. అదీ 50 మంది పైబడిన సంస్థల్లో, ఏడాది సర్వీసు నిండినవాళ్ళకి. జీతంతో సెలవు ఇచ్చే చట్టాలు కొన్ని రాష్ట్రాల్లోనే ఉన్నాయి.

ఈ చట్టం లేని ఖాళీని ఎవరు పూడుస్తున్నారో మన తెలుగువాళ్ళకి బాగా తెలుసు. తొలి కాన్పుకి కూతురు పుట్టింటికి రావడం మన ఆచారం. అమెరికాలో ఉన్న కూతురి కోసం ఇప్పుడు పుట్టిల్లే విమానమెక్కి వెళ్తోంది. మోకాళ్ళ నొప్పులతో, కారంపొడి డబ్బాలతో, విజిటర్ వీసా మీద వెళ్ళి, ఆర్నెల్లు బాలింతకీ బిడ్డకీ స్నానాలు పోసి, వంట చేసి, గడువు తీరగానే తిరిగొస్తుంది. ఆమె వెళ్ళాక వియ్యపురాలు దిగుతుంది. దీన్ని మనం ప్రేమ అంటున్నాం. ప్రేమే, కాదనను. అయితే ఒక సంపన్న దేశం చెయ్యాల్సిన ఖర్చు అరవై ఏళ్ళ ఆడవాళ్ళ ఒంటి చాకిరీతో తీరుతోందన్నది కూడా నిజమే.

అలాగని ఫ్రాన్స్‌ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. 1965 దాకా అక్కడ పెళ్ళయిన స్త్రీ సొంతంగా బ్యాంకు ఖాతా తెరవలేకపోయింది. ఆమె ఉద్యోగానికి భర్త అడ్డుచెప్పగలిగేవాడు. సర్కారీ ఫారాల్లో పెళ్ళికాని స్త్రీని వేరుచేసి చూపే "మద్మొజెల్" తొలగించమని ఆదేశాలు వచ్చింది 2012లో. చాలా ఊళ్ళలో బుధవారం చిన్నపిల్లలకి బడి ఉండదు. ఆ రోజు పని మానుకునేది ఎక్కువగా తల్లే. ఉద్యోగంలో లింగ వివక్షని అమెరికా 1964 పౌరహక్కుల చట్టంలోనే నిషేధించింది. లైంగిక వేధింపు కూడా వివక్షేనని అక్కడి సుప్రీంకోర్టు 1986లో చెప్పింది. ఫ్రాన్స్ దాన్ని శిక్షాస్మృతిలో చేర్చింది 1992లో.

సంస్కృతి మారడానికి తరాలు పడుతుందంటారు. గర్భస్రావ హక్కు చూడండి. 1973లో అమెరికా సుప్రీంకోర్టు గుర్తించిన రాజ్యాంగ హక్కుని 2022లో అదే కోర్టు తీసేసింది. 2024లో ఫ్రాన్స్ ఆ స్వేచ్ఛని తన రాజ్యాంగంలో రాసుకుంది. రెండేళ్ళలో ఏ జాతి స్వభావమూ మారిపోదు. అమెరికాలో జరిగింది చూసి ఫ్రెంచి స్త్రీలు మేలుకున్నారు, ఒత్తిడి తెచ్చారు.

అందుకే ఈ తేడాలని వింతలుగా చెప్పుకుని ఊరుకోవద్దని నా మనవి. మన దగ్గరా "ఆడవాళ్ళకి అలవాటే", "మన పద్ధతి అది" అన్న మాటలకి కరువు లేదు. 2017లో మన ప్రసూతి సెలవు 26 వారాలకి పెరిగింది. నాట్లు వేసే స్త్రీకి ఆ వారాలు ఏవి? బిడ్డని చెట్టుకి కట్టిన ఉయ్యాల్లో పడుకోబెట్టి పని చేయడం ఆమె సంస్కృతి కాదు. ఆమెకి మరో దారి చూపించలేదంతే. ఎవరైనా సంస్కృతి అన్నప్పుడు రెండు ప్రశ్నలు వేద్దాం. దీని వెనక ఉన్న చట్టం ఏది, లేని చట్టం ఏది? ఈ పనికి కూలి ఎవరిస్తున్నారు?