పై సంపాదన, పక్క సంపాదన

మన భాషలో ‘పై సంపాదన’ అనే మాట పాతది. కరణమో, రెవెన్యూ గుమాస్తానో జీతం మీద గుంజుకునే డబ్బు అది. చేతిలో అధికారం ఉన్నది గనుక పై సంపాదన ఉన్నది. ఇప్పుడు ‘పక్క సంపాదన’ అనే కొత్త మాట పుట్టింది. సాయంత్రం పూట ఫోను ముందు కూర్చుని, ఒక కంపెనీ ఆన్‌లైన్ వేదిక మీద, ఎక్కడో ఉన్న పిల్లవాడికి పాఠం చెప్పి తెచ్చుకునే డబ్బు ఇది. చేతిలో ఏ అధికారమూ లేదు గనుక పక్క సంపాదన కావలసివచ్చింది. రెండు మాటలూ అన్నదమ్ముల్లా వినిపిస్తాయి గాని, వాటి వర్గాలు వేరు.

ఈ కొత్త మాటను వ్యాపారులు మాత్రమే ప్రచారం చేస్తూ ఉంటే ఈ వ్యాసం అవసరం లేదు. అభ్యుదయం పేరు చెప్పుకునే అధ్యాపకులు కూడా ‘ఇంట్లో కూర్చుని స్వతంత్రంగా సంపాదించుకుంటున్నారు, మంచిదే గదా’ అంటున్నారు. ఆ ‘స్వతంత్రంగా’ అన్న మాట దగ్గరే నాకు పేచీ.

మదనపల్లెలోనో పుంగనూరులోనో కుప్పంలోనో ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కలు చెప్పే యువకుణ్ణి తీసుకుందాం. బి.ఇడి. చదివాడు. సర్కారు బడిలో ఉద్యోగం కోసం ఏళ్ల తరబడి ఎదురుచూశాడు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 నాటి డి.ఎస్.సి. తర్వాత, నియామకాల దాకా వచ్చిన పెద్ద డి.ఎస్.సి. 2025లో గాని రాలేదు. 16,347 పోస్టులకు మూడు లక్షల మందికి పైగా పోటీపడ్డారు. మిగిలినవాళ్ళు ఎక్కడికి పోవాలి? ‘బతకలేక బడిపంతులు’ అన్నారు పెద్దలు. ఈ యువకుడు బడిపంతులై కూడా బతకలేక ఈ వేదిక ఎక్కాడు. బడి ఇచ్చే జీతంతో ఇల్లు గడిస్తే రాత్రి తొమ్మిదింటికి అతడు ఫోను ముందు కూర్చోడు. కాబట్టి ఇది పక్క సంపాదన కాదు. అసలు జీతంలో ఎగవేసిన భాగాన్ని అతడు మరొకచోట, మరొక యజమాని దగ్గర, రెండోసారి చెమటోడ్చి తెచ్చుకుంటున్నాడు.

అతడు లెక్కల పంతులే గనుక లెక్క వేసి చూద్దాం. గంటకు 200 రూపాయలని అనుకుందాం. కంపెనీ నాలుగో వంతు పట్టుకున్నదనుకుందాం. చేతికి వచ్చేది 150. పాఠం గంటే గాని, దానికి ముందు అరగంట తయారీ. తర్వాత పిల్లవాడి తల్లిదండ్రుల ప్రశ్నలకు జవాబులు, దిద్దుబాట్లు మరో అరగంట. అంటే రెండు గంటల శ్రమకు 150, గంటకు 75. ఫోను అతనిది, కరెంటు అతనిది, నెట్టు అతనిది. ఫ్యాక్టరీ యజమాని కనీసం యంత్రం తానే కొంటాడు. ఈ యజమాని అదీ కొనడు.

నాలుగో వంతు అన్నది నా ఊహ కావచ్చు. కాని అతిశయోక్తి కాదు. ప్రపంచమంతటా ట్యూటర్లున్న ప్రెప్లీ అనే సంస్థ ఏళ్ల తరబడి నడిపిన పద్ధతి ఇది: కొత్త విద్యార్థి తొలి పాఠానికి కట్టిన డబ్బు మొత్తం సంస్థకే; ఆపైన 33 శాతంతో మొదలు; బోధించిన గంటలు 400 దాటితే 18 శాతానికి దిగుతుంది.

మదనపల్లె వాళ్ళకు ఈ వ్యవహారం బోధపరచనక్కరలేదు. టమోటా మార్కెట్టు వాళ్ళ ఊళ్ళోనే ఉన్నది. రైతు పండించి తెస్తాడు. మండీలో వేలం జరుగుతుంది. కమీషన్ పోను మిగిలింది రైతుకు. మండీ న్యాయమైనదని నేను అనటం లేదు. కాని ఆ మండీకి ఒక చిరునామా ఉన్నది, ఒక మార్కెట్ కమిటీ ఉన్నది, అన్యాయం జరిగితే పక్కన నిలబడి అరవటానికి మరో రైతు ఉన్నాడు. మన పంతులుకు ఇవేవీ లేవు. పిల్లవాడు విసుక్కుని రెండు నక్షత్రాలు వేస్తే చాలు, మరునాటి నుంచి అతని పేరు జాబితాలో అడుగుకు పోతుంది. ఎందుకు పోయిందో చెప్పేవాడు లేడు. పక్క వీధిలో అదే పని చేస్తున్న మరో పంతులు ఉన్నాడని కూడా అతనికి తెలియదు. దీన్నేనా మనం స్వాతంత్ర్యం అంటున్నాం?

ఈ వ్యాపార చరిత్ర కూడా ఒకసారి చూడాలి. ఈ మూడు ఊళ్ళకూ అమరావతి కంటే బెంగళూరు దగ్గర. కుప్పం నుంచి రైలెక్కి అక్కడికి పనికి పోయి రాత్రికి తిరిగివచ్చే వాళ్ళెందరో. ఆ బెంగళూరులోనే 2005లో ట్యూటర్‌విస్టా అనే సంస్థ మొదలై, మన ఉపాధ్యాయుల చేత అమెరికా పిల్లలకు పాఠాలు చెప్పించింది. 2011లో అది బ్రిటిష్ ప్రచురణ సంస్థ పియర్సన్ చేతికి పోయింది. 2017లో బైజూస్ కొన్నది. ఆ బైజూస్ విలువ 2022లో 2,200 కోట్ల డాలర్లన్నారు. 2024 జులైలో దాన్ని దివాలా విచారణకు ఈడ్చారు. ఈలోగా వేలమంది ఉద్యోగాలు ఊడిపోయాయి. సంస్థ ఇన్ని చేతులు మారినా, పాఠం చెప్పినవాణ్ణి ఒక్కమాట అడిగినవాడు లేడు.

ఇక వ్యతిరేక వాదాలకు వద్దాం. ‘ఇల్లు కదలలేని ఆడవాళ్ళకు ఇది ఆధారం’ అంటారు. నిజమే, దాన్ని తేలికచేసి మాట్లాడేవాడు అభ్యుదయవాది కాడు. చేతిలోకి వచ్చిన నాలుగు రూపాయలు ఆమెకు ఇంట్లో మాట విలువను పెంచుతాయి. కాని ఆమెను ఇల్లు కదలనివ్వని కట్టుబాటు అలాగే ఉన్నది. వంట తప్పలేదు, పిల్లల పని తప్పలేదు, వాటి మీద ఇది మరో వరస పని. కదలలేకపోవటమే ఆమె కూలి తగ్గించటానికి కారణమవుతున్నది.

‘పల్లెటూరి పిల్లవాడికి మంచి పంతులు దొరుకుతాడు’ అంటారు. కొనగలిగిన పిల్లవాడికి దొరుకుతాడు. మదనపల్లెలో అనిబిసెంట్ దివ్యజ్ఞాన కళాశాల 1915లో వెలిసింది. 1919లో టాగోర్ అక్కడే ఉండి ‘జనగణమన’ను ఇంగ్లీషు చేశాడు. బిసెంట్ దివ్యజ్ఞానంతో మనకు పనిలేదు. కాని చదువు ఊరందరి వ్యవహారం అన్న భావంతో అలాంటి కళాశాలలు లేచాయి. నేడు చదువు, ఇద్దరి మధ్య గంటకింత అని మీటరు తిరిగే వ్యవహారమైంది.

చట్టం ఏమంటున్నది? 2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ప్రకారం ఉపాధ్యాయుడెవడూ ప్రైవేటు ట్యూషన్ చెప్పరాదు. పొద్దున బడిలో దాచిపెట్టిన పాఠాన్ని సాయంత్రం అమ్ముకోకూడదన్న ఆ ఉద్దేశం సరైనదే. కాని చట్టం పంతులు చెయ్యి పట్టుకున్నది గాని, అతని చేత చెప్పించే కంపెనీ చెయ్యి పట్టుకోలేదు. ఫలితం ఏమిటి? కంపెనీ మోసం చేసినా మన పంతులు నోరెత్తలేడు. ఎత్తితే బడి ఉద్యోగం పోతుంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి ‘వేదిక శ్రామికుడు’ అనే పేరైతే పెట్టింది. కంపెనీలు తమ టర్నోవర్‌లో ఒకటి రెండు శాతం నిధికి కట్టాలన్నది. గంటకు ఇంత కూలి ఇచ్చి తీరాలని మాత్రం అనలేదు.

కాబట్టి పంతుళ్ళను వేదిక దిగిపొమ్మనటం నా ఉద్దేశం కాదు. ఆకలిగొన్నవాడికి ఉపవాస మహిమ బోధించటం మన పని కాదు. ఖాళీ పోస్టులు ఏటేటా నింపాలి. ప్రైవేటు బడులు బతికే జీతమివ్వాలి. కంపెనీ తన కమీషన్ బహిరంగంగా ప్రకటించాలి. తయారీ గంటకు కూడా కూలి కట్టాలి. సంజాయిషీ అడగకుండా ఎవరి పేరూ తీసెయ్యకూడదు. వీటిని అడగటానికి సంఘం కావాలి. మన ఉపాధ్యాయ సంఘాలు పర్మనెంటు ఉద్యోగి పి.ఆర్.సి. దగ్గరే ఆగిపోయి, ప్రైవేటు బడి పంతులును, ఫోను ముందు కూర్చున్న ఈ పంతులును పరాయివాళ్ళుగా చూసినంతకాలం ఆ సంఘం పుట్టదు.

మనలో చాలామందిమి పొద్దున సభలో విద్యావ్యాపారాన్ని ఖండించి, సాయంత్రం మన పిల్లలకు ఇదే వేదిక మీద చవకలో పంతులును వెతుకుతున్నాం. ఆ పంతులుకు ఎన్ని నక్షత్రాలు వెయ్యాలా అని ఆలోచించేముందు, అతని చేతికి ఎంత ముట్టిందో ఒక్కసారి అడగండి. సంఘం పని అక్కడ మొదలవుతుంది.