కాలువలు తవ్విన ఆపరేటరు పేరు ఏ రిజిస్టరులో ఉంది?

ఆస్పరి ప్రాంతం నుంచి సుగ్గికి పోయేవారి కష్టాల గురించి పత్రికలలో ప్రతి ఏటా వార్తలు వస్తూనే ఉన్నాయి. గుంటూరు వైపు పత్తి తీతకు, మిరప కోతకు పోయేవారు పెళ్లాం బిడ్డలతో పోయి, వారితోనే తిరిగి వస్తారు. డోజరు, పొక్లెయిన్, జేసీబీ నడపటానికి పోయేవాని సంగతి వేరు. అతను ఒంటరిగా పోతాడు. ఒక చోట పని ముగిస్తే యంత్రం వెంట మరో చోటికి పోవలసిందే. పండుగకు వచ్చిన తండ్రిని చూసి చంటిబిడ్డ కొత్తవాడనుకొని ఏడ్చిన ఇండ్లు మన పల్లెల్లో ఉన్నాయి. చేను, చదువులు, పెళ్లిళ్లు అన్నీ ఇల్లాలే చక్కబెట్టాలి.

అలా నలభై ఏండ్లు సంసారాన్ని సాకినవాడు ముసలితనంలో ఇల్లు చేరితే అతని చేతిలో ఏముంటుంది? నడుము నొప్పి, చెవుడు. ఇంజను మోత 85 డెసిబెల్స్ దాటిన చోట ఏండ్ల తరబడి కూర్చున్నవారికి వినికిడి తగ్గుతుందని వైద్యులు చెబుతున్నారు. సీటు అదురు వెన్నెముకను దెబ్బ తీస్తుంది.

1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీశైలం గురించి అందరికీ తెలుసు. 2012లో జీడిపల్లికి చేరిన హంద్రీ-నీవా నీళ్ల గురించీ తెలుసు. శిలాఫలకాలపై మంత్రుల పేర్లున్నాయి, ఉండనీయండి. ఆపరేటరు పేరు కనీసం హాజరు పట్టీలోనైనా ఉండవద్దా?

లేకపోవటానికి కారణం ఉన్నది. యంత్రం ఒకరిది, కాంట్రాక్టు మరొకరిది. యంత్రాన్ని గంటల లెక్కన బాడుగకు తెస్తారు గనుక ఆపరేటరు తన మనిషి కాడంటాడు కాంట్రాక్టరు. యజమానికి ఉండేది ఒకటి రెండు యంత్రాలు. ఇరవై మంది పనివారు లేని చోట ప్రావిడెంటు ఫండు తప్పనిసరి కాదు. ఈ సందులో ఒక మనిషి జీవితమంతా జారిపోతున్నది.

వృద్ధాప్య పింఛను వస్తున్నది కదా అని కొందరనవచ్చు. 2024 నుంచి నెలకు 4,000 రూపాయలిస్తున్న మాట నిజమే. అది పేదరికాన్ని చూసి ఇచ్చేది. చేసిన పనికి దక్కవలసినది వేరే ఉన్నది.

నిర్మాణ కార్మికుల కోసం 1996లో చట్టాలు చేశారు. నిర్మాణ వ్యయంలో నూటికి ఒక రూపాయి సెస్సుగా వసూలు చేసి సంక్షేమ నిధిలో వేస్తారు. ఇది మేస్త్రీలకే ననుకొనేవారు చాలామంది. కాలువలు, ఆనకట్టలు, రోడ్లు కూడ నిర్మాణాల కిందికే వస్తాయి. మన రాష్ట్రంలో సంక్షేమ మండలి ఏర్పడింది 2007లో. 1975లో ఇరవై రెండేండ్ల వయసున పనిలో చేరినవానికి 2013లో అరవై నిండాయి. అతనికి మిగిలిన గడువు ఆరేండ్లే. ఆ సంగతి చెప్పినవారెవరు? అరవై దాటితే పేరు నమోదు చేయరు.

ఆ తరం నష్టపోయింది. ఇప్పుడు ముప్ఫై, నలభై ఏండ్లలో ఉన్నవారినైనా కాపాడుకోవాలి. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త లేబరు కోడ్లలోనూ సంక్షేమ మండలి, సెస్సు కొనసాగుతున్నాయి. 18 నుంచి 60 ఏండ్ల లోపు ఉండి, గడచిన పన్నెండు నెలల్లో 90 రోజులు పని చేసినవారు నమోదుకు అర్హులు. నియామక పత్రం ఇవ్వాలని, నలభై దాటిన కార్మికులకు ఏటా ఉచితంగా వైద్య పరీక్ష చేయించాలని కూడ ఉన్నది. పది మంది లేని చోట ఇది చిక్కే. అందువల్ల యంత్రం ఎవరిదైనా సరే, పని చేయించే పెద్ద కాంట్రాక్టరు హాజరు పట్టీలోనే ఆపరేటరు పేరు ఎక్కించాలి. అలా ఎక్కించనిదే బిల్లు పాస్ చేయరాదని ఇరిగేషన్ అధికారులు షరతు పెట్టాలి.

కార్మిక శాఖ వారు నమోదుకు కర్నూలుకో, ఆదోనికో రమ్మంటే, సంవత్సరానికి రెండుసార్లు ఇల్లు చూసేవాడు రాగలడా? ఉగాదికి, దసరాకు ఊళ్లో ఉంటాడు. ఆ రోజుల్లో ఆస్పరి మండల కార్యాలయంలోనే శిబిరం పెట్టి, చెవి పరీక్ష చేసే డాక్టరును వెంట తీసుకొని రావాలని సంబంధిత అధికారులను కోరుతున్నాము.